పసుపు అంటిన వంతెన

మా అల్లుడు బతికుండగా నేను అతనితో తగువు పడింది ఒక్క విషయం మీదనే. ప్లాస్టిక్ ఇటుకల మీద.

అతను మేముండే ఈ ఎడారి దేశంలోనే, అల్ ఖూజ్ అనే చోట ఒక గోదాములో సరుకు సర్దే పని చేసేవాడు. అట్టపెట్టె చిరిగి అమ్మకానికి పనికిరాని సామాను ఏదైనా ఉంటే, కావలసినవాళ్ళు పట్టుకుపొమ్మని అక్కడి ముదీర్ అనేవాడట. ముదీరంటే వాళ్ళ పెద్ద. అలా సంచుల్లో మా ఇంటికి చేరాయి అవి. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే టక్కుమని పట్టుకునే పిల్లల ఇటుకలు. రోలా అనే పేటలో మాది ఒకటే గది. అందులో నేను, మా అమ్మాయి, అల్లుడు, మనవరాలు. మంచం కింద బియ్యం పెట్టుకోవలసిన చోట ఆ సంచులు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

2020లో ఊరంతా మూసేసినప్పుడు తండ్రీకూతుళ్ళు ఆ సంచులు విప్పారు. మనవరాలికి అప్పుడు పదేళ్ళు. అల్లుడిది కొవ్వూరు. చిన్నప్పటి నుంచి చూసిన గోదావరి కమానుల రైలు వంతెనను తలలో పెట్టుకుని, తెల్ల ఇటుకలన్నీ ఏరించి, ఆ పిల్లతో కలిసి కట్టడం మొదలుపెట్టాడు. మీసాలొచ్చినవాడు బొమ్మలాట ఆడుతుంటే ఇల్లు ఎలా గడుస్తుందని నేను మా అమ్మాయితో అన్నాను, అతనికి వినపడేలాగే.

అతను తలెత్తకుండా, "కంగారు పడకండి అత్తయ్యగారూ. విమానాలు ఎలాగూ లేవు. ఈ బ్రిడ్జి అయిపోగానే మిమ్మల్ని దీని మీంచి నడిపించి ఊరు చేర్చేస్తాను. టికెట్ ఖర్చు కూడా తగ్గుతుంది, మీకదే కదా కావాలి" అన్నాడు.

పిల్ల పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మరుసటి ఏడాది అతనికి జ్వరం వచ్చింది. తన కాళ్ళతో తనే నడిచి ఆసుపత్రికి వెళ్ళాడు. ఆ రోజుల్లో ఎవరినీ దగ్గరకు పోనిచ్చేవారు కాదు. దహనానికి మా అమ్మాయి ఒక్కతే వెళ్ళి వచ్చింది. మనవరాలు తండ్రి ముఖం చూడలేదు. ఊరు పంపడానికి శరీరమంటూ మిగల్లేదు. ఇంట్లో చొక్కాలున్నాయి, చెప్పులున్నాయి. కానీ ఆ పిల్ల వాటి జోలికి పోలేదు. నాన్న తన వేళ్ళతో నొక్కినది వంతెనే కదా అంది. ఒక కమాను కట్టకుండా ఉండిపోయింది. దాని ముక్కలు ఒక స్టీలు గ్లాసులో వేసి బీరువాలో పెట్టింది. అది నాన్న కట్టవలసినది, ఇంకెవరూ ముట్టుకోవద్దంది.

అప్పటి నుంచి ఆ వంతెనను కాపాడటం మా ఇంట్లో ఒక నిత్యపూజ అయింది. పిల్ల ఎక్కడెక్కడో చదివి, చూసి, నియమాలు పెట్టింది. కిటికీ ఎండ తగలకూడదు, తెల్లవి పచ్చబడతాయి. తడిగుడ్డ వాడకూడదు. పైన పట్టుకుని ఎత్తకూడదు, కింద ఉన్న పలకతో సహా ఎత్తాలి. వదులైన ముక్కను మళ్ళీ నొక్కకూడదు. మొదట విసుక్కున్నాను. తర్వాత నేనే చేయడం మొదలుపెట్టాను. ఇక్కడి దుమ్ము సంగతి తెలియనిదేముంది, తలుపులన్నీ మూసినా పిండి జల్లినట్టు పడుతుంది. అల్లుడు గడ్డానికి సబ్బు రాసుకునే బ్రష్షు ఉండిపోయింది. దాన్ని ఉతికి ఆరబెట్టి, రోజూ వంట కాగానే ఆ మెత్తని వెంట్రుకలతో ఒక్కొక్క కమానూ దులిపేదాన్ని. బ్రష్షు పారేయకుండా అక్కరకొచ్చింది కదా అనుకునేదాన్ని. అతని కోసం నేను చేసిన పని అదొక్కటే.

తర్వాతి ఏడాది వినాయక చవితి వచ్చింది. అంతకు ముందు ఏడాది పండగ లేదు కనక, ఈసారైనా పిల్లకు లోటు లేకుండా చేయాలని మా అమ్మాయి ఆరాటపడింది. చవితి రోజు పిల్లల పుస్తకాలు దేవుడి ముందు పెట్టి పసుపు రాసి బొట్టు పెట్టడం మా వైపు ఆనవాయితీ. పుస్తకాల పక్కనే వంతెనను కూడా పెట్టింది. నేను ఉండ్రాళ్ళు దించి వచ్చేసరికి, తడి పసుపు ముద్దలో వేలు ముంచి ప్రతి కమానుకూ బొట్టు పెట్టేసింది. పిల్ల తలంటు పోసుకుని వచ్చి చూసింది. దూదితో తుడవబోతే పసుపు ఇంకాస్త పాకింది.

పసుపు మరక ఎండకు పోతుందని మా అమ్మాయికి చిన్నప్పుడు నేనే నేర్పాను. చీరల మీది మరకలు అలాగే పోగొట్టేవాళ్ళం. తనకు సెలవున్న రోజు, పిల్ల బడికి పోయాక, నేను కూరలకు పోయాక, వంతెనను బాల్కనీలో పెట్టింది. దుమ్ము పడకుండా దాని మీద పారదర్శకంగా ఉండే పెద్ద ప్లాస్టిక్ డబ్బా బోర్లించింది. వారమంతా నిలబడి చేసే పని, పాపం, పడుకుని నిద్రపోయింది.

నేను వచ్చి డబ్బా ఎత్తితే లోపలి నుంచి పొయ్యి సెగ కొట్టింది. పసుపు పోయింది. నేను నేర్పినది అబద్ధం కాలేదు. కానీ పట్టాలు ఎండలో పెట్టిన అప్పడంలా అంచులు లేచాయి. కమానులు నడుము వాల్చేశాయి. అమ్మాయిని లేపి చూపించాను.

పిల్ల బడి నుంచి వచ్చి సంచి దించకుండానే చూసింది.

"మరక పోతుందనుకున్నానే" అంది మా అమ్మాయి.

"మరకుంటే ఏంటమ్మా? మరకున్నా నాన్నదేగా."

నేను వంటింట్లోకి పోయి పొయ్యి వెలిగించాను. ఏం వండాలో తోచక ఆర్పేశాను.

ఆ సాయంత్రం పిల్ల బీరువా తెరిచి స్టీలు గ్లాసు తీసింది. ఇన్నాళ్ళూ ఎవరినీ ముట్టుకోనివ్వని ఆ కమానును తనే కడతానంది. నాన్న చెయ్యవలసిన పని కదే అని వాళ్ళమ్మ అంటే, ఇక నాన్నకు చెయ్యడానికి ఏం మిగిలిందమ్మా అంది. చీకట్లో ఉన్న ముక్కలు కదా, పాలలా తెల్లగా ఉన్నాయి. వాటి పక్కన వంతెన పాత ఎముకలా కనపడింది. ఒక ముక్కను పెట్టి నొక్కింది. పట్టలేదు. తిప్పి పెట్టింది. కింద వంకర తిరిగినదానికి పైన తిన్నగా ఉన్నది ఎలా పడుతుంది. నాకు ఇవ్వు అని నేనూ నొక్కాను, నా వేళ్ళలో బలం చాలలేదేమోనని మా అమ్మాయీ నొక్కింది. టక్కుమన్న చప్పుడు రాలేదు.

పిల్ల ముక్కలన్నీ మళ్ళీ గ్లాసులో వేసింది. "అమ్మమ్మా, రేపటి నుంచి దులపకు" అంది.

దులపడం మానేశాను. ఇప్పుడు పిల్ల తన తల్లి కంటే పొడుగైంది. వంతెన అదే బల్ల మీద ఉంది, దుమ్ము కమ్మి ఏ రంగో తెలియకుండా ఉంది. దేన్నీ ఊరికే పడి ఉండనివ్వని మనిషిని నేను. అయినా బీరువాలోని ఆ గ్లాసును మాత్రం ఖాళీ చేయలేదు. చుట్టాలు వస్తే ఒక గ్లాసు తక్కువవుతుంది. నేను చెంబుతో తాగుతాను.