వెన్నులో రెండు దెబ్బలు

దెయ్యం కథ చెప్పినవాడి మొహం మీదే నవ్వేసే మనిషిని నేను. కిరందుల్ ఇనుప గనిలో ఇరవై ఏళ్లు డంపర్ నడిపాను. కొండ మీద మంచులో ఒంటరిగా తిరిగాను. ఒక్క దెయ్యం నా కంట పడితే ఒట్టు. అందుకే ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది.

మట్టి పారబోసే చోట నాకు దారి చూపేవాడు బుద్రు. కోంటా వైపు దొర్ల తెగ మనిషి. నేను బండి వెనక్కి తెస్తుంటే పక్కన నిలబడి కర్రతో తలుపు మీద కొట్టేవాడు. ఒక దెబ్బ అంటే రా. రెండంటే ఆగు. ఇంజిన్ హోరులో మాటలు వినపడవు.

ఆ మధ్యాహ్నం, రాయి పేల్చేముందు పని ఆపించే బ్లాస్టింగ్ సైరన్ మోగేలోపు ఇంకో ట్రిప్పు వేసేయాలని నా ఆత్రం. మా డ్రైవర్లందరికీ ఉన్న జబ్బే. బుద్రు రెండు కొట్టాడు. ఇంకో అడుగే కదా అని నేను ఆగలేదు. అంచు జారి బండి బోల్తా పడింది. నా నడుము విరిగింది. బుద్రు బండి కింద పోయాడు.

విచారణలో, అతను సిగ్నల్ ఇవ్వలేదని చెప్పాను. పచ్చి అబద్ధం. తప్పు బుద్రుదే అని రాసేసుకున్నారు.

ఆరేళ్లు నొప్పి నన్ను పీల్చి పిప్పి చేసింది. రెండు ఆపరేషన్లయినా లాభం లేకపోయింది. చివరికి విశాఖలో వెన్ను లోపల సన్నని తీగలు పెట్టి, తుంటి పైన చర్మం కింద చిన్న మిషన్ అమర్చారు. దాని కరెంటుకి నొప్పి అణిగి, ఆ చోట చిమచిమ మాత్రం తెలుస్తుంది. ముందు వారం రోజులు బయటి మిషన్‌తో పరీక్షించాకే లోపల పెట్టారు. నొప్పి లేకుండా లేచి నిలబడ్డ రోజు చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

మూడు నెలలు బాగుంది. ఒక మధ్యాహ్నం, గని సైరన్ మోగబోయే వేళ, చిమచిమ ఆగింది. వెన్నులో ఠక్, ఠక్. కాసేపాగి మళ్లీ రెండు. ఇక రోజూ అదే వేళకి.

"ఏటయ్యా, మొకం అలాగైపోనాది?" అంటూ మా ఆవిడ నా వెన్ను మీద చెయ్యి వేసి, చటుక్కున లాగేసుకుంది. "అమ్మో! లోపల్నించి ఎవులో కొడతన్నారు!"

విశాఖ వెళ్లాం. మిషన్ సరిచేసే అతను గంటసేపు చూశాడు. తీగలు కదల్లేదు, దెబ్బల్లా కొట్టే ఏర్పాటే ఇందులో లేదు అన్నాడు. రిమోట్‌తో మిషన్ ఆపి చూడమన్నాడు. ఆపాను. నొప్పి తిరిగొచ్చింది. మధ్యాహ్నానికి దెబ్బలూ వచ్చాయి.

తట్టుకోలేక బుద్రు ఊరు వెళ్లాను. వాళ్ల ఆవిడ గంగి వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని, "బుద్రు కొట్టాడమ్మా. నేనే ఆగలేదు" అన్నాను. నా వెన్ను సంగతి ఎత్తలేదు.

ఆమె చేతులు ఆగలేదు.

"ఇప్పుడు చెప్తున్నవా అన్నా? కొడుకుదే తప్పనుకుంట మా అత్త పాణం ఇడిసింది. ఆమెకు ఎవరు చెప్తరు?"

ఆమె నన్ను తిట్టలేదు, పొమ్మనలేదు. గింజలు తీసుకుంటూనే కూర్చుంది. నేనే లేచి వచ్చేశాను.

ఆ రోజు నుంచి దెబ్బలు లేవు. మిషన్ మళ్లీ ఆన్ చేసినా చిమచిమ కూడా లేదు. మిషన్ బాగుంది, తీగలు బాగున్నాయి అంటారు విశాఖలో. నొప్పి మాత్రం మిషన్ పెట్టకముందులాగే ఉంది. ఎందుకో వాళ్లు చెప్పలేకపోయారు, నాకూ అంతుపట్టలేదు.

మధ్యాహ్నం సైరన్ వేళకి గోడకి వెన్ను ఆనించి కూర్చుంటాను. ఆ రెండు దెబ్బలూ ఇంకొక్కసారి పడితే బాగుండును అనిపిస్తుంది. పడవు.