బుట్ట అడుగున రాలుకాయలు

నా చిన్నప్పుడు మా చర్చిలో ప్రార్థన చేయడానికి ఎవరు లేచినా మొదటి మాట ఒకటే, "ఘోర పాపినైన నన్ను" అని. ఆ మాట అనేటప్పుడు ఆడవాళ్ళు తెల్లచీర కొంగు తల మీదికి లాక్కునేవాళ్ళు, మగవాళ్ళు గొంతు వణికించేవాళ్ళు. ఏ పాపమో మాత్రం ఒక్కరూ చెప్పేవాళ్ళు కాదు. బయట వీధిలో ఎవరైనా వాళ్ళని పాపి అని చూడాలి, మీదపడి రక్కేవాళ్ళు. ఎనభైల నాటి సంగతి. తలుచుకుంటే నాకు ఇప్పటికీ వెగటే.

మాది నూజివీడుకీ రెడ్డిగూడేనికీ మధ్యలో ఒక ఊరు. మా నాన్న సంఘపెద్ద. మాకు చిన్న రసాల మామిడి తోట ఉండేది. కోతలు మొదలయ్యాక వచ్చే మొదటి ఆదివారం, ప్రథమ ఫలాలని ప్రతి ఇంటివాళ్ళూ ఒక బుట్ట కాయలు చర్చిలో పెట్టాలి. మా బుట్ట సర్దేది మా నాయనమ్మ. ఆ ఏడు నేను పక్కనే కూర్చుని చూశాను. అడుగంతా గాలికి రాలిన కాయలు పేర్చి, పైన రెండు వరసలు మాత్రం కింద పడకుండా చిక్కం వలతో కోసిన కాయలు, ముచ్చికలు ఊడకుండా, ముచ్చటగా పెట్టింది. నేను నోరు తెరవబోతే నా చేతిలో ఒక పండు పెట్టింది. తిన్నాను.

నాయనమ్మకి మోకాళ్ళ నొప్పులు. అందుకని బుట్టని చర్చిదాకా పక్కింటి అక్క మోసుకొచ్చింది. తోటల్లో కూలికెళ్ళే మనిషి, అంతకుముందు ఏడే బాప్తిస్మం తీసుకుంది. ఏటా బుట్టలు నేరుగా పాస్టరు అయ్యగారి ఇంటికి వెళ్ళేవి. ఆ ఏడు ప్రార్థనయ్యాక అక్కడే కాయలు పంచుదామని బుట్ట బోర్లిస్తే, దెబ్బ తిన్నవీ ముచ్చిక లేనివీ దొర్లుకుంటూ వచ్చాయి. ఒకటి పగిలి తెల్లటి పురుగులు బయటపడ్డాయి. మామిడి ఊళ్ళో రాలుకాయని పసిపిల్లలైనా గుర్తుపడతారు. సంఘపెద్ద ఇంటి బుట్టలో అవి ఎందుకుంటాయి? దారిలో అక్కే మంచి కాయలు తీసుకుని ఇవి నింపిందని ఎవరో అన్నారు. అంతే, అందరికీ అదే నిజమైపోయింది.

మా నాన్న ఒక కాయ చేత్తో తిప్పి చూశాడు. నాయనమ్మ వైపు ఒక్కసారి చూశాడు. ఆయనకి అర్థమైంది. అయినా లేచి నిలబడి, దేవుడి సొత్తు ముట్టిన చేతులకి ప్రభువు బల్ల ఇవ్వకూడదన్నాడు. "నేను తీయలేదండీ, నా పిల్లల మీద ఒట్టండీ" అని అక్క ఏడుస్తూనే ఉంది. రొట్టె, ద్రాక్షరసం ఆమెని దాటుకుని పక్కవాళ్ళకి వెళ్ళిపోయాయి. మర్నాటి నుంచి ఏ తోటలోనూ ఆమెని కోతకి పిలవలేదు.

ఆ వారమంతా ఇంట్లో ప్రార్థన వింటుంటే నాకు నాన్న అంటే అసహ్యం, నాయనమ్మ అంటే అసహ్యం. శనివారం సాయంత్రం నాయనమ్మ మోకరించి "ఘోర పాపిని తండ్రీ" అని మొదలుపెట్టగానే ఒళ్ళు మండిపోయి, "ఏ పాపం నాయనమ్మా?" అని అడిగేశాను. నాన్న చెయ్యెత్తాడు. నాయనమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ పూట ఇంక ప్రార్థన సాగలేదు.

మర్నాడు చర్చిలో ఎవరి సంగతి వాళ్ళు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ నాయనమ్మ స్తంభం పట్టుకుని లేచింది. "ఘోర పాపినైన నన్ను" అంది. అలవాటుకొద్దీ వెనక నుంచి ఎవరో "స్తోత్రం" అన్నారు.

"ఆగండి, ఇంకా చెప్పలేదు" అంది నాయనమ్మ. "ఆ రాలుకాయలు పెట్టింది నేనే. ఏటా పెడుతూనే ఉన్నా. నింద ఈ పిల్ల మీద పడితే, నా కొడుకు పరువు పోతుందని నోరు మూసుకున్నా. మళ్ళీ ఏడు మంచివి పెడతానని ఒట్టు కూడా వేయలేను. మంచి కాయ ఇవ్వాలంటే నాకు చేతులు రావు. అంత పిసినారి బుద్ధి నాది. దాన్ని ఆ ప్రభువే బాగుచెయ్యాలి."

ఈసారి స్తోత్రం అన్నవాళ్ళు లేరు. నాయనమ్మ కుంటుకుంటూ వెళ్ళి అక్క పక్కన చాప మీద కూలబడి, ఆమె చేతులు పట్టుకుంది. అక్క చేతులు వెనక్కి లాక్కుంది. అయ్యగారు రొట్టె తెస్తే, ముందు ఆమెకివ్వమని నాయనమ్మ సైగ చేసింది. అక్క తీసుకుంది. నాన్న మాత్రం తనకేమీ తెలియనట్టే తల వంచుకుని కూర్చున్నాడు. వారం తిరక్కుండానే తోటలవాళ్ళు అక్కని మళ్ళీ పిలిచారు.

ఆ రోజు చర్చి బయట ఆడవాళ్ళు నా తల నిమిరి, "పాపం, దీనికేం తెలుసు" అన్నారు. నేను అవునన్నట్టు తలూపాను. అందర్నీ చూసి అసహ్యించుకున్న నేనే, తలూపాను.

ఇప్పుడు ప్రార్థనలో పాపిని అన్న మాట నోట్లోకి రాగానే ఆగుతాను. ఏం చేశానో పేరు పెట్టి చెప్పుకుంటాను. నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది అదే. కానీ ఈ ఒక్క సంగతి మాత్రం ఇన్నేళ్ళూ దేవుడికే, అదీ మెల్లిగా, చెప్పుకున్నాను. చెప్పాల్సిన మనిషికి చెప్పలేదు. నాకు ముందే తెలుసక్కా. నువ్వు ఏడుస్తుంటే అన్నీ తెలిసే నీ వెనక కూర్చున్నాను.