ప్లగ్గు పీకి ఎంచుకున్న లినక్స్

మా బాబాయి లిఫ్టు మెకానిక్కు. ఉండేది మాత్రం లిఫ్టు లేని మేడలో, మూడో అంతస్తులో. ఈ మాట మీద ఎవరైనా జోకు వేయబోతే వాళ్ళకంటే ముందు తనే వేసి, నవ్వు కూడా తనే నవ్వేసుకుంటాడు. అవతలివాడికి ఏమీ మిగల్చడు.

ఆయనకొక జబ్బుంది. ఏ వస్తువైనా నడుస్తుందా లేదా అని చూడడు, పడిపోతే ఏమవుతుందో చూస్తాడు. కొత్త కుర్చీ వస్తే అందరిలా కూర్చోడు. వెనక్కి వాలి, రెండు కాళ్ళ మీద దాన్ని ఊపి, అది కిర్రుమంటే కిర్రుమన్నందుకు, అనకపోతే అననందుకు దాన్ని అనుమానిస్తాడు. కొత్త గొడుగును ఎదురుగాలికి తిప్పి పట్టుకుంటాడు. పెళ్ళైన కొత్తలో పిన్నితో ఊరికే తగువు పెట్టుకుని, ఈమె కోపం ఎక్కడ ఆగుతుందో చూద్దామనుకున్నాడట. ఇప్పటికీ ఆగలేదు.

ఇది ఆయన పని నుంచి అంటుకున్న జబ్బు. కొత్త లిఫ్టు బిగించాక, మనుషుల్ని ఎక్కించేముందు అందులో ఇసుక బస్తాలు నింపి, కావాలనే హద్దు మీరిన వేగంతో కిందికి వదులుతారు. అప్పుడు అడుగునున్న ఇనుప దవడలు పక్క పట్టాలను కరిచిపట్టుకుని ఆపాలి. ఆపితే లిఫ్టు పాసు. లోపల అద్దం ఉందా, సంగీతం వస్తుందా అన్నవి తర్వాతి సంగతులు.

"పైకెళ్ళడం ఏ వెధవైనా వెళ్తాడ్రా. ఆగడం తెలియాలి," అంటాడు బాబాయి. ఆ మాట అన్నప్పుడల్లా నా వైపు ఎందుకు చూస్తాడో నాకు తెలియదు.

ఇలాంటి మనిషి చేతిలో పిన్ని ఆటల కంప్యూటరు పడింది.

పిన్ని డ్రైవింగ్ స్కూల్లో నేర్పిస్తుంది. రోజంతా పక్క సీట్లో కూర్చుని, నత్త కూడా సిగ్గుపడే వేగంతో ఊరంతా తిరుగుతుంది. "క్లచ్ మీద ఊరికే కాలు పెట్టకు నాయనా, అది నీ పాదపీఠం కాదు," అని రోజుకు ఎంతమందితో అంటుందో లెక్కలేదు. ఆ అణచుకున్న వేగమంతా ఆదివారం మధ్యాహ్నం బయటికొస్తుంది. భోజనాల బల్ల అంచుకు ఆట స్టీరింగు బిగిస్తుంది. కింద పెడళ్ళు జారకుండా గోడకు ఆనించి, వాటి అడుగున కాళ్ళు తుడుచుకునే పట్టా వేస్తుంది. తలకు హెడ్‌ఫోను తగిలించుకుని ఆన్‌లైన్ కార్ల పందెంలోకి దిగుతుంది. ఆ గంటసేపూ ఆ గదిలోకి వెళ్ళిన పిల్లి కూడా గోడ పక్కనుంచే నడుస్తుంది.

ఆమెది నలుగురి జట్టు. నాయకుడు వేరే ఊళ్ళో పళ్ళ డాక్టరు. ఆయన ముఖం పిన్ని ఎప్పుడూ చూడలేదు, గొంతే పరిచయం. నలుగురిలో ఎవరైనా రాకపోతే ఎక్కడానికి ఒక అదనపు డ్రైవరు ఉన్నాడు. ఆయన ట్యూషన్ మాస్టారు, పైగా పిన్ని దగ్గరే కారు నేర్చుకున్నవాడు. కారును చౌరస్తా మధ్యలో ఆపేసి, వెనకవాళ్ళు హారన్లు కొడుతుంటే, దిగి వెళ్ళి ఒక్కొక్కరికీ క్షమాపణ చెప్పుకున్న మహానుభావుడు. జట్టు నియమం ఏమిటంటే, వరుసగా రెండు ఆదివారాలు ఎవరైనా పందెం పూర్తి చేయకపోతే వాళ్ళ సీటు అదనపు డ్రైవరుకు పోతుంది.

అలాంటి సమయంలో కంప్యూటరులోని విండోస్ పాతబడిందనీ, కొత్తది ఈ యంత్రానికి సరిపడదనీ తెర మీద కబురొచ్చింది. పిన్ని కొత్త కంప్యూటరు అంది. బాబాయి, విండోస్ బదులు ఊరికే వేసుకోగలిగే లినక్స్ అన్నాడు.

"మనిషి గట్టిగానే ఉన్నాడుగా. చొక్కా మారిస్తే పోయేదానికి మనిషినే మార్చేస్తావా?"

"అదేదో మీ లిఫ్టుల్లో చేసుకోండి. నా సీటు జోలికి రావద్దు."

"నీ సీటుకి నేను పూచీ," అన్నాడు బాబాయి. ఆ మరుసటి రోజే నన్ను పిలిచాడు. మా చుట్టాల్లో కంప్యూటరు తెలిసి, పగటిపూట ఖాళీగా దొరికేవాణ్ని నేనొక్కణ్నే.

లినక్స్ అంటే ఒక్కటి కాదని మొదట చెప్పాల్సి వచ్చింది. లోపలి ఇంజను ఒకటే. దాని చుట్టూ ఎవరికి నచ్చినట్టు వాళ్ళు పెట్టె కట్టి, పేరు పెట్టి వదులుతారు. వాటినే డిస్ట్రోలంటారు. ఈ మాట వినగానే బాబాయి ముఖం వెలిగిపోయింది. లిఫ్టులూ అంతేనట. నేను పేర్లు చెబుతుంటే ఆయన వాటిని తన సంతలోకి తోలుకుపోయాడు. మింట్ ఆస్పత్రి లిఫ్టు, తొందరపడదు, కంగారు పెట్టదు. ఫెడోరా కొత్త ఆఫీసు మేడలో లిఫ్టు. ఆర్చ్ అయితే గొయ్యీ తాడూ చేతికిచ్చి, పెట్టె నువ్వే కట్టుకోమనే రకం.

"ఆటల కోసమే తయారుచేసినది ఒకటుంది బాబాయ్, బజైట్ అని. అది వేసేద్దాం, పిన్ని గొడవ ఉండదు."

"చూడకుండా ఎలా వేస్తాంరా? ఒక్కొక్కటీ రానీ. వరసగా చూద్దాం."

చూడటమంటే నడిపి చూడటమనుకున్నాను. మొదటిది ఎక్కించి అప్‌డేటు పెట్టాను. తెర మీద గీత సగం నిండింది. బాబాయి వంగి, గోడ నుంచి ప్లగ్గు పీకేశాడు.

"బాబాయ్! ఏం పని అది?"

"బస్తాలు వేసి వదిలాను."

"డిస్కు పాడవుతుంది బాబాయ్, అలా మధ్యలో పీకకూడదు!"

"నువ్వు కాలేజీని మధ్యలో పీకలేదూ? నువ్వు నిక్షేపంలా ఉన్నావుగా?"

 కరెంటు మళ్ళీ ఇస్తే ఆ మొదటిది నల్ల తెర మీద తెల్లక్షరాలు కక్కి కూర్చుంది. దాని పేరు చెప్పను. ఏదైనా సరే, అప్‌డేటు మధ్యలో పీక పిసికితే అలాగే చేస్తుంది. పైగా పేరు చెబితే దాని భక్తులు నా ఇంటి మీదికొస్తారు.

ఆ వారమంతా ఇల్లు పీకి పందిరి వేయడమే. నేను ఎక్కించడం, ఆయన పీకడం. ఒకటి లేచింది కానీ కుంటుతూ లేచింది. ఇంకొకటి లేచి, గొంతు పోగొట్టుకుంది. ఈలోపు ఆదివారం వచ్చి వెళ్ళిపోయింది. పిన్ని స్టీరింగు బిగించుకుని కూర్చునేసరికి కంప్యూటరు 'పరీక్షలో' ఉంది.

హెడ్‌ఫోను ఫోనుకు తగిలించి జట్టుతో మాట్లాడి వచ్చిన పిన్ని మామూలు గొంతుతోనే అంది. అదే భయం. "ఇవాళ నా బదులు మాస్టారు ఎక్కారు. వచ్చే ఆదివారం కూడా నేను ముగింపు గీత దాటకపోతే ఇక ఆయనే. నా దగ్గర క్లచ్ నేర్చుకున్న మనిషి నా సీట్లో కూర్చుంటే, ఏమండీ, మీరు ఈ ఇంట్లో ఏ సీట్లో కూర్చుంటారో చూసుకోండి."

తర్వాతి వారం బాబాయి ఒక్క జోకూ వేయకుండా పీకాడు.

చివరికి బజైట్ వంతు వచ్చింది. మొదటి రోజు నేను చెప్పిందే. అప్‌డేటు సగంలో పీకాడు. కరెంటిచ్చాడు. ఏమీ ఎరగనట్టు లేచింది. మళ్ళీ పీకాడు, మళ్ళీ లేచింది. నడుస్తున్న సిస్టమును అది ముట్టుకోదు. కొత్తదాన్ని పక్కన కట్టుకుని, పూర్తయ్యాకే అందులోకి మారుతుంది. మారాక నచ్చకపోతే, ఆన్ చేసేటప్పుడు పాతదాన్ని ఎంచుకోవచ్చు. ఇదంతా చెబుతుంటే బాబాయి కళ్ళు చెమర్చాయి.

"దవడలురా! దీనికి దవడలున్నాయి!"

విండోస్ కోసం రాసిన ఆటను లినక్స్‌కు అర్థమయ్యేలా చెప్పే దుబాసీ ఒకటుంది, ప్రోటాన్ అని. కొన్ని ఆన్‌లైన్ ఆటలు లినక్స్ పేరు వినగానే గేటు వేసేస్తాయి. పిన్ని ఆట, మా అదృష్టం కొద్దీ, వేయలేదు. శనివారం సాయంత్రానికి ఆట తెరుచుకుంది, సంగీతం వచ్చింది. బాబాయి చేతులు దులుపుకున్నాడు.

"ఒక చుట్టు నడిపి చూద్దామా బాబాయ్?"

"నడపడం మీ పిన్ని పనిరా. పడకుండా చూడటం నా పని. అయిపోయింది."

ఆదివారం మధ్యాహ్నం పిన్ని కూర్చుంది. జట్టంతా హాజరు. బాబాయి ఫలితం వినాలని స్పీకరు పెట్టించాడు కాబట్టి అందరి గొంతులూ గదిలోకి వచ్చాయి.

"గీత దాటితే చాలు మేడం," అన్నాడు పళ్ళ డాక్టరు.

"తొందరేం లేదు మేడం, నేను ఊరికే వింటున్నానంతే," అన్నాడు మాస్టారు, వినయం ఒలకబోస్తూ.

పందేనికి ముందు అలవాటుకు ఒక చుట్టు తిరగనిస్తారు. పిన్ని కారు బాణంలా దూసుకెళ్ళి, మొదటి మలుపు దగ్గర తిరగకుండా, తిన్నగా వెళ్ళి కంచెకు గుద్దుకుంది.

"బ్రేకు పడట్లేదు."

"పడట్లేదంటే?" బాబాయి.

"పడట్లేదంటే పడట్లేదు! పాదం నేలకంటింది!"

నేను ఆట సెట్టింగులు తెరిచాను. బ్రేకు అన్నచోట ఏదో అంకె ఉంది, సరిగ్గానే ఉన్నట్టుంది. పిన్ని తొక్కుతూనే ఉంది, కారు వింటే కదా. పందెం మొదలవబోతోంది. ఇక చేసేది లేక, బ్రేకుకు రెండో దారిగా కీబోర్డులో స్పేస్ బారును తగిలించాను.

"రెండు చేతులూ స్టీరింగు మీదుంటే దాన్ని దేంతో నొక్కను, ముక్కుతోనా?"

నేను కుర్చీ లాక్కునేలోపే బాబాయి కూర్చున్నాడు. కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని, చొక్కా చేతులు మడిచాడు. "బ్రేకు సంగతి నాకొదిలేయండి. ఇన్నేళ్ళుగా నేను ఆపుతున్నదేగా."

పందెం మొదలైంది. తొలి మలుపు.

"ఆపండి!" అంది పిన్ని. ఆ 'అండి' పూర్తయ్యేసరికి కారు సగం గడ్డిలో ఉంది.

రెండో మలుపుకు "ఆపు!" అయింది. ఆ ఇంట్లో ఆ మాట అలా వినబడటం అదే మొదలు. బాబాయి తలెత్తి నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. మూడో మలుపుకు "ఆప్!" దానికి కారు చక్కగా ఒదిగింది. మర్యాద తగ్గేకొద్దీ మలుపులు మెత్తబడ్డాయి.

"వదులు! వదులంటే వదలవే! పెద్ద మనిషీ, వేలు తియ్!"

"తీశానే తల్లీ, తీశాను!"

"ఆప్! వదులు! ఆప్!"

"మేడం, ఎవరితో మాట్లాడుతున్నారు?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"బ్రేకుతో," అంది పిన్ని.

ఆఖరి చుట్టు, ఆఖరి మలుపు. ముందు ఒక నీలం కారు. దాన్ని దాటక్కర్లేదు, గీత దాటితే చాలు.

"ఆప్!"

బాబాయి నొక్కలేదు.

"ఆపవేం!"

"ఆగు, ఇంకా ఉంది."

"గోడ!"

"ఉంది, ఉంది... ఇదిగో!" నొక్కాడు. చక్రాలు కీచుమన్నాయి. ముందే నెమ్మదించిన నీలం కారును పక్కనుంచి ఒరుసుకుంటూ పిన్ని కారు గోడకు బెత్తెడు దూరంలో తిరిగి, గీత దాటింది.

 "మేడం, ఇన్నేళ్ళుగా జనం పళ్ళు పీకుతున్నాను, నా గుండె ఇలా ఎప్పుడూ జారలేదు. సీటు మీదే," అన్నాడు పళ్ళ డాక్టరు. "అభినందనలు మేడం," అన్నాడు మాస్టారు, పరీక్ష వాయిదా పడ్డ విద్యార్థి గొంతుతో.

బాబాయి అప్పటికే బాల్కనీలోకి వెళ్ళి, ఎదురింటాయనకు మలుపు ఎలా తిప్పాడో చేతులతో చూపిస్తున్నాడు.

సోమవారం డ్రైవింగ్ స్కూలుకు సెలవు. బాబాయి పనికి వెళ్ళాక పిన్ని కబురు పెట్టింది. నింపాదిగా చూస్తే సంగతి బయటపడింది. కొత్త సిస్టము పెడళ్ళను వేరే వరసలో లెక్కపెడుతోంది. ఆట బ్రేకు పనిని తీసుకెళ్ళి క్లచ్ పెడలుకు అప్పగించింది. ఎడమ చివర పెడలు ఒక్కసారి తొక్కి ఉంటే కారు ఆగేది. ఆ ఆటలో గేర్లు స్టీరింగు వెనక మీటలతో పడతాయి కాబట్టి క్లచ్‌తో పనే లేదు. ఇంకెవరైనా అయితే కంగారులో మూడింటినీ ఎడాపెడా తొక్కి ఉండేవాళ్ళు. పనిలేకుండా క్లచ్ మీద కాలు పెట్టకపోవడం పిన్ని ఒక్కదానికే సాధ్యం.

ఇది ఏ డిస్ట్రో వేసినా ఒక చుట్టు నడిపి చూస్తే తెలిసేది. ఎవరూ నడిపి చూడలేదు. నేను రెండు క్లిక్కులతో సరిచేశాను. పిన్ని తొక్కి చూసింది. కారు బుద్ధిగా ఆగింది.

"స్పేస్ బారు మాటేంటి పిన్నీ? ఉంచనా?"

"తీసెయ్."

"మరి బాబాయికి..."

"చెప్పకు," అంది పిన్ని.

తర్వాతి ఆదివారం బాబాయి భోజనం త్వరగా ముగించాడు. కీబోర్డును మెత్తటి గుడ్డతో తుడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. పిన్ని "ఆప్!" అంటుంది, ఆయన నొక్కుతాడు, బల్ల కింద ఆమె పాదం మెల్లగా దిగుతుంది. కారు మలుపు మలుపుకూ వెన్నలా ఒదుగుతోంది. ఒకచోట మాత్రం ఆయన చెమట తుడుచుకుంటూ ఆలస్యమయ్యాడు.

"అదేంటే, నేను నొక్కకముందే ఆగిందే?"

"బండి మీకు అలవాటు పడిపోయిందండీ," అంది పిన్ని, తెర మీంచి చూపు తిప్పకుండా.

బాబాయి నా వైపు తిరిగాడు. "చూశావురా? అందుకే దీన్ని అంత కష్టపడి ఎంచాను."