ఓడ బొమ్మ వెనక చెక్క

పాత సామాన్లు అమ్మే చారిటీ షాపులో ఎనిడ్ పాత పటాలను తిరగేసి, వెనక చెక్కలను గోటితో గీకి చూస్తోంది. వేల్స్ కొండల్లో అయిదు రోజులు ఉండి బొమ్మలు వేయడం నేర్చుకునే తరగతికి, బొమ్మ వేసే చెక్క పలక తనే తీసుకెళ్లాలి. పలక పనికిరాకపోతే తరగతిలో కూర్చోనివ్వబోమని ఉత్తరంలో రాశారు.

“కొత్తది కొనుక్కో అక్కా, నవ్వుతారు,” అంది చెల్లెలు నెస్టా.

“నవ్వనీ. ముప్పై ఏళ్లు బడిపిల్లలకు వండిపెట్టాను, నవ్వులు నాకు కొత్తా?”

చెక్క మీద వేసిన, వెనక నలభై ఏళ్ల కిందటి తేదీ ఉన్న ఓడ బొమ్మ పటం కొని, ఎనిడ్ రంగంతా గీకేసింది. కొత్త రంగు పట్టేందుకు తెల్లపూత మూడుసార్లు వేసి, ప్రతిసారీ ఆరాక గరుకు కాగితంతో రుద్దింది.

తరగతిలో గురువు రీస్ ఆమె పలక అంచు చూసి ఆగాడు. “పాత చెక్కలా ఉంది. వంగదా అండీ?”

“ఓడ బొమ్మ పటంగా నలభై ఏళ్లు గోడకు వేలాడింది. వంగేదైతే ఎప్పుడో వంగేది. తడిమి చూడండి,” అని పలకను అతని చేతికిచ్చింది ఎనిడ్.

అతను బొటనవేలితో తడిమి, దాన్ని ఆమె కుర్చీ ముందున్న స్టాండు మీద పెట్టాడు.