బాబాయ్ చెప్పనన్న మాట

వినుకొండలో బస్సు ఎక్కుతుండగా పిన్ని ఫోన్ చేసింది. "మీ బాబాయ్ పోయాడురా." అంతే. నరసరావుపేట చేరేదాకా కుదురుగా కూర్చోలేకపోయాను. ఇప్పుడిది రాస్తూ కూడా మాటిమాటికీ లేచి వరండాలోకి వెళ్లొస్తున్నాను.

మీలో చాలామంది ఆయన్ని టీవీలో చూసే ఉంటారు. ఇద్దరు పోలీసు స్నేహితుల సీరియల్లో పొడుగాయన మా బాబాయే. పరిషత్తు నాటకాలాడి, హైదరాబాదు వెళ్లి, చిన్నాచితకా వేషాలేసి, నడివయసులో ఆ పాత్ర సంపాదించుకున్నాడు. "నోటితో చెప్పేది సగం, మింగేది సగంరా" అనేవాడు నటన గురించి.

కథలో ఆ ఇద్దరూ దొంగల్ని పడతారు, పోట్లాడుకుంటారు, ఒకే డబ్బాలో తింటారు. స్నేహితుడికి పెళ్లి కుదిరిన రోజు బాబాయ్ నవ్వుతూ భుజం తట్టి, ఆ తర్వాత అతను వెళ్తుంటే చూసిన చూపుంది చూశారూ, అది ఉత్త స్నేహితుడి చూపు కాదు. పిన్ని ఆ సీను చూసి, "ఏందయ్యా, నన్నెప్పుడన్నా అట్టా చూశావా?" అంది. బాబాయ్ పకపకా నవ్వాడు.

ఆ చూపు ఫోన్లలో తిరిగింది. కొందరు ఎగతాళి చేశారు, కొందరు మురిసిపోయారు. చానల్ వాళ్లు కంగారుపడి, వాళ్లిద్దరూ అన్నదమ్ముల్లాంటి వాళ్లే, మరేమీ లేదని కెమెరా ముందు చెప్పమన్నారు. బాబాయ్ చెప్పనన్నాడు. నెల తిరక్కుండా సీరియల్లో ఆయన పాత్ర లారీ కింద పడి చనిపోయింది. ఆపైన ఎవరూ పెద్దగా పిలవలేదు.

పేటకి వచ్చేశాక ఒకచోట నిలిచేవాడు కాదు. స్టేషన్ రోడ్డు పొడవునా తిరిగేవాడు. ఉండబట్టలేక ఓసారి అడిగాను.

"ఒక్క మాటేగా బాబాయ్, అనేస్తే పోయేదేముంది?"

"ఆ పాత్రకి వాడంటే ప్రాణంరా. రాసినోళ్లు రాయలా, నేనే పెట్టా. ఎక్కడో ఒకడు అది చూసి, హమ్మయ్య, నేనొక్కణ్నే కాదనుకునుంటాడు. లేదని చెప్పి వాడి మొహాన తలుపెట్టా వేసేది?"

"అట్టాంటోళ్లు ఎవరన్నా నీతో చెప్పారా?"

"ఒక్కడూ చెప్పలా. ఉన్నారో లేరో. అదేరా, కాలు నిలవనీయడంలా."

బాబాయ్‌ని ఎత్తబోయే ముందు పిడుగురాళ్ల నుంచి బైకు మీద ఇద్దరు మగవాళ్లు వచ్చారు. సున్నపు బట్టీల్లో పనట. మాలో ఎవరికీ తెలియనివాళ్లు. ఒకతను బాబాయ్ మొహం చూసి భోరుమన్నాడు. రెండో అతను అతని వీపు మీద చేయి వేశాడు. జనం తిరిగి చూసేసరికి చటుక్కున తీసేశాడు.

పిన్ని కళ్లు తుడుచుకుని, "తీయబాకయ్యా. ఉంచు," అంది.

కాసేపటికి ఆ చేయి, సున్నానికి పగిలిన వేళ్లతో, మెల్లగా అతని వీపు మీదికి తిరిగొచ్చింది.