ప్రీమియర్ గ్రేడులో సీటు

అనంతలక్ష్మి నోరు మూసుకుని కూర్చున్న శనివారం న్యూజిలాండులోని లోవర్ హట్ ఊళ్లో ఎవరూ ఎరగరు. చలికాలం మొదలైతే చాలు, నది గట్టు పక్కనున్న మైదానంలో భర్త పాత కోటు తొడుక్కుని, స్టీలు ఫ్లాస్కు నిండా అల్లం టీ పట్టుకుని హద్దు గీత పక్కన నిలబడేది. కూతురు సిరి గోల్‌కీపరు. అక్కడ హైస్కూలునే కాలేజీ అంటారు. సిరి చదివే కాలేజీలో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్లు రెండున్నాయి. సిరిది రెండో జట్టు.

"పుట్టి బుద్ధెరిగాక బంతిని ఒక్కసారైనా తన్నావా లక్ష్మీ?" అని భర్త రవికిరణ్ వెక్కిరించేవాడు.

"ఉప్పు తక్కువైందని చెప్పడానికి వంట రావాలేంటండీ? మీరు చెప్పట్లా?" అనేది ఆవిడ.

నిజానికి ఆవిడ మాటలు అంత తీసిపారేయాల్సినవీ కావు. ఎడమవైపు ఆడే పిల్ల అలసిపోతే నడుం మీద చేతులు పెట్టుకుంటుందనీ, అటునుంచే గోలు పడుతుందనీ ముందే చెప్పేది. కళ్లద్దాల షాపు కౌంటర్లో పనిచేసే మనిషి కదా, మొహాలు చూసీ చూసీ ఆ చూపు అలవడింది. బాధల్లా ఎక్కడ ఆపాలో తెలియకపోవడమే.

రెండువేల పదహారు సీజను మొదటి మ్యాచ్‌లో సిరి జట్టు నాలుగు గోల్స్ తేడాతో ఓడింది. రెండోదీ ఓడింది. అప్పటికే అనంతలక్ష్మి జట్టు భవిష్యత్తు మొత్తం తేల్చేసింది. ముందు వరసలో ఎవరిని తీసెయ్యాలో, చలికాలం ముగిసే ఆగస్టు కల్లా ఏ స్థానంలో ఉంటారో దగ్గర్లోని జాన్సన్‌విల్‌లో ఉండే రమామణి ఆంటీకి ఫోన్లో వివరంగా చెప్పింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే ఉంది వ్యవహారం. ఆంటీకి ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియదు, అయినా ఊకొట్టింది.

అసలు సంగతేమిటంటే, అవి గ్రేడింగ్ మ్యాచ్‌లు. సీజను మొదట్లో నాలుగు వారాలు అన్ని జట్లనీ కలిపి ఆడిస్తారు. ఎవరి బలమెంతో చూసి, సమానమైన జట్లను ఒక గ్రేడులో వేస్తారు. ఆ తర్వాతే అసలు పోటీ. జట్టు కోచ్ ఫియోనా కూడా ఒక పిల్ల తల్లే, జీతం భత్యం లేకుండా ఆ పని నెత్తినేసుకున్న మనిషి. "మన జట్టు ఎక్కడ ఇముడుతుందో అక్కడ పడుతుంది, కంగారేం లేదు" అనేది.

ఆ మాట అనంతలక్ష్మికి మింగుడు పడలేదు. గ్రేడు అన్నాక పైదీ కిందదీ ఉంటాయి కదా. పైది వదులుకుని, ఇమిడే చోట పడడమేమిటి? తెనాలి పిల్ల ఆవిడ. ఒక పరీక్ష, ఒక ర్యాంకు, దాన్నిబట్టి సీటు, సీటునుబట్టి జీవితం. ఇదీ ఆవిడకు తెలిసిన లెక్క. మిగతా రెండు మ్యాచ్‌లనూ ఎంట్రన్స్ పరీక్షలానే చూసింది.

మూడో శనివారం ఆట మొదలవకముందే ఫియోనాను పక్కకు పిలిచి టీ పోసింది. "గోలు కొట్టే సంగతి వదిలెయ్. అందర్నీ వెనక్కి పెట్టు. మా సిరి ఆపుతుంది" అంది. పిల్లలు కూడా ఒక్క గెలుపు కోసం మొహం వాచి ఉన్నారు. ఫియోనా సరేనంది.

సిరి నిజంగానే ఆపింది. బురదలో దొర్లింది, ఎగిరింది, మొహంతో కూడా ఒకటి ఆపింది. ఇటుపక్క బంతి ఎవరి మోకాలికో తగిలి గోల్లోకి దొర్లడంతో ఒక గోలు తేడాతో గెలిచారు. నాలుగోది ఏ గోలూ లేకుండా ముగిసింది. అవతలివి రెండూ బలమైన జట్లు కావడంతో, గ్రేడులు ప్రకటించిన రోజు చూస్తే సిరి జట్టు అన్నిటికంటే పైదైన ప్రీమియర్ గ్రేడులో ఉంది.

అనంతలక్ష్మి పులిహోర కలిపి, గారెలు వేసి, తెలుగువాళ్లందరినీ భోజనానికి పిలిచింది. "ప్రీమియర్‌లో సీటొచ్చింది" అని వచ్చినవాళ్లకల్లా చెప్పింది. సిరి ఒక గారె తిని తన గదిలోకి వెళ్లిపోయింది. అలసిపోయిందనుకుంది తల్లి.

అసలు పోటీ మొదలైంది. మొదటి వారం సిరి మీద తొమ్మిది గోల్స్ పడ్డాయి, రెండో వారం పదకొండు. అవతలి పిల్లలు వారానికి మూడు రోజులు క్లబ్బుల్లో శిక్షణ తీసుకునేవాళ్లు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. పైగా మిగతావాళ్లు ఓడినా పరిగెత్తుతూ ఓడతారు. గోల్‌కీపరు మాత్రం ప్రతిసారీ వంగి, వలలోంచి బంతి తీసి ఇవ్వాలి. తల్లి అభిప్రాయాలు తగ్గాయి. సిరి వంగినప్పుడల్లా ఫ్లాస్కు మూత బిగించి, మళ్లీ తీసి, మళ్లీ బిగించేది.

ఆట అయ్యాక అవతలి జట్టు వాళ్లు ఇవతలి జట్టులో బాగా ఆడినవాళ్లను ఎంచి చిన్న సర్టిఫికెట్ ఇచ్చే ఆనవాయితీ ఉంది. ప్రతి వారం సిరికే ఇచ్చారు. మూడో వారం కారెక్కగానే సిరి దాన్ని సీటు కిందకు తోసేసింది.

"అదేంటే, ప్రైజు అలా పడేస్తావు?" అంది తల్లి.

"దే ఫీల్ సారీ ఫర్ మీ, అమ్మా. అంతే." సిరి కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. తర్వాత నెమ్మదిగా మిగతాది చెప్పింది. ఈ సీజనయ్యాక ఫుట్‌బాల్ మానేస్తానంది. శుక్రవారం వస్తోందంటేనే కడుపునొప్పి వస్తోందంది.

అనంతలక్ష్మి కారు నది గట్టు దగ్గర పక్కకు తీసి ఆపింది. ఆ కడుపునొప్పి ఆవిడకు బాగా తెలుసు.

ఇంటర్ అయ్యాక నాన్న ఆమెను లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో వేశాడు. ఏడాదంతా పుస్తకాలు బట్టీ పట్టి, ఒక్క రోజు అదృష్టం కలిసొచ్చి, పెద్ద పేరున్న ఇంజనీరింగ్ కాలేజీలో సీటు తెచ్చుకుంది. వీధంతా మిఠాయిలు పంచారు. ఆ కాలేజీలో నాలుగేళ్లు ఆఖరి వరసలో, ఆఖరి మనిషిగా కూర్చుంది. ఎవరైనా ప్రశ్న అడుగుతారేమోనని తలెత్తేది కాదు. ఇంట్లో మాత్రం బాగానే ఉందని చెప్పేది. ఇవాళ ఇంత వాగే మనిషి ఆ నాలుగేళ్లూ నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. ఇదంతా రవికిరణ్‌కు కూడా ఎప్పుడూ చెప్పలేదు. కూతురికి చెప్పింది.

సిరి అంతా విని, వచ్చీరాని తెలుగులో అడిగింది. "మరి నువ్వు వేరే కాలేజీకి ఎందుకు వెళ్లలేదు?"

"కిందికి దిగొచ్చని నాకెవరూ చెప్పలేదమ్మా" అంది అనంతలక్ష్మి. కళ్లు తుడుచుకుని, "నీకు నేను చెప్తున్నాను" అంది.

ఆ వారంలోనే ఫియోనా తన ఇంట్లో తల్లిదండ్రుల్ని సమావేశపరిచింది. అందరూ ఒప్పుకుంటే, మొదటి రౌండు అయ్యాక కింది గ్రేడుకు మార్చమని టోర్నీవాళ్లను అడగవచ్చట. గదిలో అందరి చూపులూ అనంతలక్ష్మి మీదకే వెళ్లాయి. ప్రీమియర్ అని మొదటినుంచీ పట్టుబట్టింది ఆవిడే కదా. ర్యాంకు తగ్గించండి బాబూ అని చేతులెత్తి అడిగినవాళ్లు వాళ్ల వంశంలో ఇంతవరకూ లేరు. అయినా అందరికంటే ముందు చెయ్యెత్తింది.

సంగతి తెలిసి రమామణి ఆంటీ ఫోన్ చేసింది. "ఏమ్మా, మీ సిరి జట్టు ప్రీమియర్లోంచి పడిపోయిందటగా?"

"పడిపోలేదాంటీ, దిగాం" అంది అనంతలక్ష్మి.

కింది గ్రేడులో మొదటి మ్యాచ్ వానలో జరిగింది. రెండుకు మూడు గోల్స్‌తో మళ్లీ ఓడారు. కానీ ఆఖరి నిమిషం దాకా అటూ ఇటూ ఊగింది ఆట. మూడో గోలు పడ్డప్పుడు సిరి బురదలో కూర్చుండిపోయి, తనను లేపడానికొచ్చిన పిల్లను కూడా కిందికి లాగి నవ్వింది. అనంతలక్ష్మి నాలుక మీదికి సవాలక్ష మాటలొచ్చాయి. చింత చచ్చినా పులుపు చావదు కదా. టీ తాగి వాటిని గొంతులోనే ఆపుకుంది.

కారెక్కాక సిరి బూట్లు విప్పుకుంటూ, తెలుగులోనే అడిగింది. "అమ్మా, నేనెలా ఆడాను?"

ఇన్నేళ్లలో ఆవిడ అభిప్రాయం ఒకరు అడిగింది అదే మొదటిసారి. తీరా అడిగాక అనంతలక్ష్మి ఫ్లాస్కులో మిగిలిన టీ మూతలో పోసి సిరికి అందించింది. "బాగా ఆడావమ్మా" అని మాత్రం అంది.