కాజాల మేస్త్రి మింగిన రెండు మందులు

ఆ వీధిలో దర్జీలు నలుగురున్నా, చేత్తో కాజాలు కుట్టేది మాత్రం కాజాల మేస్త్రి ఒక్కడే. ఎవరూ నేర్పలేదు. పాత కోట్లు విప్పి చూసి నేర్చుకున్నాడు. ఏ గుడ్డను ఏ గుడ్డతో కలిపి తడిపితే రంగు అంటుతుందో ముట్టుకోకుండానే చెబుతాడు. మందుల దగ్గరే ఆ తెలివి అక్కరకు రాలేదు.

పదకొండేళ్ళుగా హెచ్ఐవీకి మందు వాడుతున్నాడు. సంగతి భార్యకూ డాక్టరుకూ తప్ప మూడో మనిషికి తెలియదు. మాత్రల్ని బొత్తాల డబ్బాలో దాచేవాడు. ఒక్క పూట తప్పలేదు, అందుకు మెచ్చుకోవాలి.

ఆ మధ్య ఒంటితలనొప్పి పట్టుకుంది. బావమరిది జాలిపడి, తను వాడే మాత్రలు నాలుగు తెచ్చాడు.

"ఇవి రాసేటప్పుడు డాక్టరు నన్ను నిలదీసింది, వేరే మందులేమన్నా వాడుతున్నావా అని. నువ్వేమన్నా వాడుతున్నావా, బావా?"

"నాకేం రోగం? ఇలా తే."

తల మందు తలకి, ఒంటి మందు ఒంటికి, ఎవరి దారి వారిదని మేస్త్రి లెక్క. ఒకటి వేస్తే నొప్పి తగ్గింది, మర్నాడు మళ్ళీ వస్తే ఇంకోటి వేశాడు.

మూడో రోజు పొద్దున సూది జారింది. మళ్ళీ జారింది. వేలికి గుచ్చుకున్నా తెలియలేదు. వేళ్ళు పాలిపోయి, గోళ్ళు నీలంగా ఉన్నాయి.

భార్య పట్టుకు చూసింది. "ఇవి వేళ్ళా, ఫ్రిజ్‌లోంచి తీసిన బెండకాయలా?" నవ్వబోయి ఆగిపోయింది. "ఏం మింగారు?"

"తలనొప్పి మాత్ర."

"డబ్బాలోదీ వేశారా?"

"అది మానకూడదుగా."

"మీ తెలివి తెల్లారినట్టే ఉంది. లేవండి."

బావమరిది బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. కౌంటర్లో నర్సు, ఏం మందులు వాడుతున్నారని అడిగింది. వెనక వరసలో తొమ్మిదిమంది. భుజం పక్కనే బావమరిది. మేస్త్రి తలనొప్పి మాత్ర పేరొక్కటే చెప్పాడు.

"ఇంకా?"

భార్య అతని చెయ్యి ఎత్తి బల్ల మీద పెట్టింది. "వీటిని చూసి చెప్పండి."

చూశాడు. "హెచ్ఐవీ మందు," అన్నాడు, అందరికీ వినపడేలాగే.

నర్సు కలం పడేసి డాక్టరు కోసం పరుగెత్తింది.

"మీ హెచ్ఐవీ మందు ఆ తలనొప్పి మందును ఒంట్లోంచి పోనివ్వదు," అంది డాక్టరు, సెలైన్ పెట్టించి. "అది పేరుకుని రక్తనాళాల్ని బిగించేస్తుంది. ఆలస్యమైతే వేళ్ళే పోవచ్చు."

"అయితే ఆ హెచ్ఐవీ మందు మానెయ్యనా?"

"మీ అంతట మీరు ఏదీ మానొద్దు, ఏదీ మొదలుపెట్టొద్దు. తలనొప్పికి నేను వేరేది చూస్తాను."

బావమరిది స్టూలు మంచానికి దగ్గరగా లాక్కున్నాడు.

సాయంత్రానికి గోళ్ళ కింద ఎరుపు తిరిగింది. వేళ్ళు భగ్గున మండుతున్నాయని మేస్త్రి మూలిగాడు.

"మండనివ్వండి," అంది భార్య. "ఇంకా మనవేనని తెలుస్తోంది."